లోకల్ సాకెట్

మా ఆఫీసులో ‘లోకల్’ అనే మాటను రెండు రకాలుగా వాడేవాళ్ళు. ఒకటి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పనికి వచ్చే మనుషులు. గేటు దగ్గర సెక్యూరిటీ లోకల్, కార్గోలో పెట్టెలు మోసేవాళ్ళు లోకల్, క్యాబ్ డ్రైవర్లు లోకల్. రెండోది మా ప్రోగ్రాముల్లో వచ్చేది. ఒకే మిషన్‌లో నడిచే రెండు ప్రోగ్రాములు, బయటి నెట్‌వర్క్ జోలికి పోకుండా తమలో తాము మాట్లాడుకునే దారి. దాన్ని లోకల్ సాకెట్ అంటారు. ఈ రెండో లోకల్ మీద పనిచేసి నేను మంచి పేరు తెచ్చుకున్నాను. మొదటి లోకల్ నేనే అన్న సంగతి మాత్రం నాలుగేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

మాది శంషాబాద్ పక్కన పాల్మాకుల. 2008లో అక్కడ విమానాశ్రయం తెరిచేనాటికి ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాను. రెండేళ్ళ తర్వాత కార్గో గేటుకు ఎదురు రోడ్డులో, ఒక మూడంతస్తుల బిల్డింగులో ఉన్న చిన్న కంపెనీలో చేరాను. విదేశాల నుంచి సరుకు దింపించే ఏజెంట్లకు ప్రోగ్రాములు రాసివ్వడం మా పని. చేరిన రోజు మేనేజర్ అడిగాడు, “ఏ ఊరండీ మీది?” అని. “హైదరాబాదేనండి” అన్నాను. ఆ ‘అండి’ నాది కాదు. కాలేజీ హాస్టల్లో కోస్తా పిల్లల మధ్య నాలుగేళ్ళుండి నేర్చుకున్నది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ‘అండి’ అనరు. మేనేజర్ది గుంటూరు వైపు. నా టీములో ముప్పావువంతు అటువాళ్ళే. చెడ్డవాళ్ళేం కాదు. నా యాస విని ఎవరూ నవ్వలేదు, నేను వినిపిస్తే కదా. నవ్వుతారేమోనన్న భయం మాత్రం నాకు నేనే తయారుచేసుకున్నాను.

వారం తిరక్కుండానే మెట్ల దగ్గర వెనక నుంచి ఓ కేక వినిపించింది.

“ఓ తమ్మీ! నువ్వేంది గీడ?”

మా పెద్దబాపు కొడుకు. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. ఇంటర్ దాకా చదివి సేద్యంలో పడ్డవాడు. విమానాశ్రయానికి కొంత భూమి పోయాక ఊళ్ళవాళ్ళకు కొన్ని కొలువులిస్తామన్న మాట మీద ఈ బిల్డింగులో పనికి కుదిరాడని విన్నాను గానీ, మా కంపెనీలోనే అని తెలియదు. మిషన్ రూం ఆయన చేతిలో ఉండేది. కరెంటు పోతే జనరేటర్ చూడడం, ఏసీ చూడడం, ఏ ప్రోగ్రామైనా ఆగిపోతే మేము రాసిచ్చిన కాగితం చూసి మళ్ళీ నడిపించడం.

నా పక్కన ఇద్దరు టీమువాళ్ళున్నారు. నేను పలకలేదు. వాళ్ళు పైకి వెళ్ళాక ఆయన్ను మెట్ల కిందికి తీసుకుపోయాను.

“అన్నా, ఆఫీసుల గట్ల పిలవకు.”

“ఏ? తమ్మినే గదా.”

“గీడ అందరూ పేరు పెట్టో సార్ అనో పిలుసుకుంటరు. బాగుండదు.”

“మరి నేనేమనాలె నిన్ను?”

“సార్ అను.”

పడీపడీ నవ్వాడు. గోచి కట్టుకుని చెరువులో ఈత నేర్చుకున్న పోరనికి సార్ అనాల్నా అన్నాడు. తర్వాత చేతులు కట్టుకుని, తల వంచి, “సరే సార్. ఇగ పోతున్న సార్” అన్నాడు. ఆయనకు అది ఆట. ఇంటికి పోయాక వదినకు కూడా చెప్పాడట, మా తమ్మికి సార్ అయ్యే షోకు పుట్టింది అని. కానీ మర్నాటి నుంచి ఆఫీసులో ఒక్కసారి కూడా తప్పు పిలవలేదు. మొదట్లో ఆ ‘సార్’ చివర నవ్వుండేది. ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు.

సాకెట్ సంగతి చెప్పాలి.

మా మిషన్‌లో రెండు ప్రోగ్రాములుండేవి. ఒకటి విమానం దిగిన సరుకు వివరాలు అందుకునేది. రెండోది ఆ వివరాలు తీసుకుని ఏజెంటు కౌంటర్లో విడుదల కాగితం అచ్చేసేది. ఆ కాగితం వస్తేనే కౌంటర్లో మనిషి పెట్టెను బయటికి పంపగలడు. మొదటి ప్రోగ్రాం రెండోదానికి సంగతులు పంపడానికి మేము ఒక లైబ్రరీ వాడేవాళ్ళం. లైబ్రరీ అంటే ఎవరో రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన కోడు. నెట్‌వర్క్ మీద దేన్నైనా ఒక చోటు నుంచి ఇంకో చోటుకు చేరవేస్తుంది. దానికి తెలిసిందల్లా బయటి చిరునామాలే. కాబట్టి పక్కపక్కనే ఉన్న మా ప్రోగ్రాములు కూడా నెట్‌వర్క్ చిరునామా పట్టుకునే మాట్లాడుకునేవి. నెట్‌వర్క్ అమరికలు ఎవరు కదిపినా, ఆ రెండింటి మధ్య మాట తెగేది.

2013లో ఆ లైబ్రరీ కోడు తెరిచి నేనొక మార్పు చేశాను. చిరునామా బదులు ఒక ఫైలు పేరు ఇస్తే చాలు. అదే లోకల్ సాకెట్. చూడ్డానికి మామూలు ఫైలులా ఉంటుంది గానీ అందులో ఏమీ ఉండదు. వినే ప్రోగ్రాం దాన్ని పెట్టి, వెనక కూర్చుంటుంది. మాట్లాడాలనుకున్న ప్రోగ్రాం ఆ ఫైలును వెతుక్కుంటూ వస్తుంది. మాట బిల్డింగు దాటదు, మిషన్ కూడా దాటదు. మేనేజర్ అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు.

ఒక చిక్కుంది. వినే ప్రోగ్రాం హఠాత్తుగా చచ్చిపోతే ఆ ఫైలు అక్కడే ఉండిపోతుంది. మళ్ళీ నడిపించబోతే, ఈ చోటు ఇప్పటికే ఎవరిదో అని మొరాయిస్తుంది. పాత ఫైలు తీసేస్తేగానీ కొత్తది కూర్చోదు. ఆ పని ఎలా చెయ్యాలో కాగితం మీద రాసి అన్నకు ఇచ్చాను.

ఆయన దానికి దర్వాజ అని పేరు పెట్టాడు. “సార్, పొద్దుగాల కరెంటు పోయింది. మనిషి పోయిండు, దర్వాజ ఉండిపోయింది. తీసేసి మళ్ళ నడిపిచ్చిన.” ఇట్లాంటివన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో రాసేవాడు. టైము, ఏమైంది, ఏం చేశాడు. తెలుగులో, గుండ్రంగా.

ఒకసారి పక్కన నిలబడి చూశాను. ఫైలు తీసేసే ముందు ఆయన నేను రాసివ్వని ఒక పని చేస్తున్నాడు. వినే ప్రోగ్రాం నిజంగా పోయిందా లేదా అని ఇంకో కమాండు కొట్టి చూస్తున్నాడు. కొడుతూ తెరతో అంటున్నాడు: “ఎవలున్నరు లోపట?”

మా ఊళ్ళో ఎవరింటికి పోయినా అంతే. తలుపు తెరిచే ఉన్నా సరే, గడప బయట నిలబడి ‘ఎవలున్నరు లోపట’ అని పిలిచి, పలికితేనే కాలు లోపల పెడతారు. నాకు నవ్వొచ్చింది.

“అదంతా ఎందుకు? ఆగిపోతేనే కదా మీరు ఇక్కడికొచ్చేది. తీసెయ్యడమే.”

“ఉన్నోని దర్వాజ వీకుతె ఎట్ల సార్? ఆడు లోపల్నే కూసోని ఉంటడు. ఎవలూ వస్తలేరేంది అనుకుంటడు.”

నేను ఆ రోజు ‘మీరు’ అన్నాను ఆయన్ను. గదిలో మేమిద్దరమే ఉన్నాము.

తర్వాత నెలలో ఆయన చేతిపని తప్పించాలని ప్రోగ్రాం మొదట్లో ఒక లైను చేర్చాను. నడవడం మొదలుపెట్టగానే పాత ఫైలు ఉంటే అదే తీసేసి, కొత్తది పెట్టుకుంటుంది. ఆగిపోయేటప్పుడు ఆ ఫైలు కూడా తీసేసి పోతుంది. లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగే లైను రాయలేదు. రాయడం కష్టమేం కాదు. ఒక్కసారి ఆ సాకెట్‌తో మాట కలపబోయి చూస్తే చాలు. పలికితే ఉన్నట్టు, తిరస్కరిస్తే పోయినట్టు. పది లైన్లు. మిషన్ రూంలో ఆయన అన్న మాట గుర్తుండే రాయలేదేమో అని ఇప్పుడనిపిస్తుంది. ఇంటర్ చదివిన మనిషి చెప్పింది నా కోడులో ఉండడం నాకిష్టం లేకపోయింది.

“ఇగ మీరు ఆ ఫైలు ముట్టుకోకండి. నాకు చెప్పకుండా ప్రోగ్రాం కూడా ఆపి నడిపించొద్దు” అని చెప్పాను. “మంచిది సార్” అన్నాడు.

ఆ ఎండాకాలం ఒక పొద్దున, తొమ్మిది యాభై రెండుకు, నా డెస్కు నుంచి కొత్త వెర్షన్ ఒకటి పరీక్షిద్దామని నడిపించాను. అసలు మిషన్‌లో, అసలు ఫైలు పేరుతోనే. అమరికల కాగితం కాపీ చేసుకున్నప్పుడు ఆ ఒక్క పేరు మార్చడం మరిచిపోయాను. నిమిషంలోనే తప్పు కనబడి ఆపేశాను. ఏమీ కాలేదనుకున్నాను.

అయింది ఇది. నా పరీక్ష ప్రోగ్రాం లేస్తూనే, బతికున్న ప్రోగ్రాం పెట్టుకున్న ఫైలును తీసేసింది. తనది పెట్టుకుంది. నేను ఆపగానే దాన్ని కూడా తీసేసి పోయింది. అసలు ప్రోగ్రాం మాత్రం చావలేదు. లోపల కూర్చుని వింటూనే ఉంది. దాని దగ్గరికి పోయే దారి లేదు, ఆ సంగతి దానికి తెలియదు. మా గోడ మీది తెరలో అది నడుస్తున్నట్టు ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

పన్నెండు దాటాక టీములో ఒకతని పుట్టినరోజని అందరం తుక్కుగూడ దగ్గర హోటల్‌కు పోయాము. బిర్యానీ ఇంకా రాలేదు. నా ఫోన్ మోగింది. తెర మీద ‘అన్న’ అని వచ్చింది. పక్కనున్నతను చూసి, “మీకు అన్నయ్య ఉన్నారా? ఎప్పుడూ చెప్పలేదే” అన్నాడు. “దూరపు చుట్టం” అని కట్ చేశాను. మళ్ళీ మోగింది. ఎత్తలేదు. మూడోసారి మోగితే కట్ చేసి, ఫోన్ తిరగేసి పెట్టాను. ఏ చిట్టీ సంగతో, పెళ్ళి సంగతో అనుకున్నానని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఏమీ అనుకోలేదు. ఆ పేరు ఆ బల్ల మీద వెలగకూడదనుకున్నాను, అంతే.

ఆ పొద్దున విమానంలో గల్ఫ్ నుంచి ఒక పెట్టె వచ్చింది. మా ఏజెంటు పేరు మీద వచ్చిన సరుకులో అదొకటి. కరీంనగర్ వైపు ఊరి మనిషి శవం. శంషాబాద్ కార్గో గేటు దగ్గర అలాంటి పెట్టె కోసం నిలబడ్డ మనుషుల్ని ఆ రోడ్డులో పనిచేసే ఎవరైనా చూసే ఉంటారు. ఒక వ్యాను, నలుగురైదుగురు మగవాళ్ళు, ఎవరి చేతిలోనో ప్లాస్టిక్ కవర్లో పాస్‌పోర్టు జిరాక్సులు. ఆ రోజు వచ్చింది చనిపోయినతని అన్న. యాభై దాటిన మనిషి. తెల్లవారుజామున ఊళ్ళో బయలుదేరి పదింటికి గేటు దగ్గరికి చేరాడు. పెట్టె లోపల ఉంది. విడుదల కాగితం రావడం లేదు. కౌంటర్లో మనిషి ‘సిస్టమ్‌లో రాలేదు’ అంటున్నాడు. ఇంకాసేపట్లో వస్తుందిలే అని చూసి చూసి, పన్నెండున్నరకు మిషన్ రూంకు ఫోన్ చేశాడు. మా అన్న చూస్తే దీపం ఆకుపచ్చగానే ఉంది. ఫైలు చూశాడు. లేదు. నాకు చెప్పకుండా ముట్టుకోవద్దన్నాను కదా. నాకు ఫోన్ చేశాడు.

నేను ఎత్తకపోయేసరికి గేటు దగ్గరికి దిగిపోయి ఆ మనుషులకు నీళ్ళిచ్చాడట. మళ్ళీ పైకొచ్చి చూశాడట. మళ్ళీ దిగాడట. రెండింటికి, ఇక ఏమైతే అదైందని ప్రోగ్రాం ఆపి మళ్ళీ నడిపించాడు. ఆగి ఉన్న సంగతులన్నీ ఒక్కసారిగా వచ్చాయి. కాగితం అచ్చయింది. పెట్టె బయటికొచ్చింది. అప్పటికి చనిపోయినతని అన్న ఎండలో నాలుగు గంటలు నిలబడ్డాడు.

మేము మూడింటికి తిరిగొచ్చాము. ఏజెంటు అప్పటికే మేనేజర్ను ఫోన్‌లో తిట్టి ఉన్నాడు. నేను కూర్చుని లాగులు, అంటే ప్రోగ్రాములు తమంతట తాము రాసుకునే పద్దులు, తెరిచాను. ఐదు నిమిషాల్లో అర్థమైంది. తొమ్మిది యాభై రెండు, పరీక్ష ప్రోగ్రాం మొదలు. తొమ్మిది యాభై మూడు, పరీక్ష ప్రోగ్రాం ఆగింది. ఆ తర్వాత అన్నీ ‘ఫైలు లేదు, ఫైలు లేదు’.

ఆ మొదటి రెండు లైన్లు తీసేశాను.

ఇన్నేళ్ళకు ఇది రాస్తూ ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. భయపడ్డాను, తొందరపడ్డాను, తెలియక చేశాను అని దాని ముందూ వెనకా ఏదైనా పెట్టొచ్చేమోనని చూశాను. ఏదీ నిజం కాదు. తెలిసే, నిదానంగా తీసేశాను.

సాయంత్రం ఐదింటికి మేనేజర్ గదిలో కూర్చున్నాము. అన్న తలుపు పక్కన నిలబడ్డాడు. కుర్చీ ఖాళీగానే ఉంది గానీ ఆయన్ను ఎవరూ కూర్చోమనలేదు. నేనూ అనలేదు.

“ఆ ఫైలు తీసే అలవాటు ఎవరికుంది?” అన్నాడు మేనేజర్.

“నేను తీస్తుంటి సార్, మునుపు. ఈ నడుమ ముట్టుకుంటలేను.”

“ఇవాళ ప్రోగ్రాం ఆపి నడిపించింది ఎవరు?”

“నేనే సార్. రెండింటికి.”

“ఎవర్ని అడిగి?”

అన్న నా వైపు చూడలేదు. “అడగలే సార్.”

మేనేజర్ నా వైపు తిరిగాడు. “మీ ప్రోగ్రాం దానంతట అది ఆ ఫైలు తీసేసే అవకాశం ఉందా?”

“లేదండి” అన్నాను. “నడుస్తుండగా దానంతట అది తీసెయ్యదండి.”

మాటకు మాటగా చూస్తే అది అబద్ధం కూడా కాదు. నడుస్తున్న ప్రోగ్రాం తియ్యదు. ఇంకొకటి లేచినప్పుడు తీస్తుంది. చదువు నాకు అలాంటి వాక్యం కట్టడం నేర్పింది.

నోటుబుక్కు తెమ్మన్నారు. తెచ్చాడు. ఆ రోజు పేజీ లేదు. కుట్టు దగ్గర చింపిన అంచు మాత్రం ఉంది, తెల్లగా, కొత్తగా.

“ఏమైంది ఈ పేజీ?”

“చినిగింది సార్.”

“చినిగిందా, చింపారా?”

ఆయన నోటుబుక్కు మూశాడు. తప్పు దాచుకోడానికే చింపాడని గదిలో అందరికీ అనిపించింది. మేనేజర్ నిట్టూర్చి, “లోకల్ వాళ్ళకి సర్వర్ పాస్‌వర్డులు ఎందుకిస్తారండీ మీరు” అన్నాడు నాతో. నేను తలూపాను. ఆ నెలాఖరుకు ఆయన పని పోయింది.

ఊళ్ళో ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎక్కువ దూరమైంది, మానేసిన అన్నాడట. పాల్మాకుల నుంచి ఆఫీసుకు ఎంత దూరమో అందరికీ తెలుసు. నేను పోయి కలవలేదు. దసరాకు ఊరికి పోయినా, జల్‌పల్లిలో స్నేహితుని ఇంట్లో భోజనం ఉందని గంటలో బయటపడ్డాను. దూరం నుంచి ఒకసారి కనబడ్డాడు. చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. అన్న తమ్మునికి పెట్టే నమస్కారం కాదు అది. ఆఫీసులో పెట్టేది.

2014 చివర్లో ఆ లైబ్రరీ రాసేవాళ్ళే, కొత్త వెర్షన్లో లోకల్ సాకెట్ సౌకర్యం చేర్చారు. ఇక నా సొంత మార్పు అక్కర్లేదు. మా కోడులో నేను రాసినదంతా తీసేసి, వాళ్ళది పెట్టే పని నాకే వచ్చింది. తీసేస్తూ తీసేస్తూ వినే ప్రోగ్రాం మొదటి లైనుకు వచ్చాను. ఉంటే తీసెయ్యి. అడగకుండా.

అప్పుడు రాశాను ఆ పది లైన్లు. మొదట ఒకసారి పిలిచి చూడు. పలికితే వెనక్కి పో. పలక్కపోతేనే తీసెయ్యి. పరీక్షించడానికి, ఒకటి నడుస్తుండగా రెండోదాన్ని నడిపించాను. రెండోది పిలిచింది, మొదటిది పలికింది, రెండోది మర్యాదగా తప్పుకుంది. తెర ముందు కూర్చుంటే నాకు ఆయన గొంతే వినిపించింది. ఎవలున్నరు లోపట?

లేచి మేనేజర్ గదికి పోయాను. నిలబడే చెప్పాను. పరీక్ష ప్రోగ్రాం, ఫైలు, నేను తీసేసిన రెండు లైన్లు. ఆయన పెన్ను కింద పెట్టాడు. “ఇప్పుడెందుకు చెప్తున్నారండీ?” అన్నాడు. “ఆ మిషన్ రూం ఆయన మీకు ముందే తెలుసా?” అని అడిగాడు.

“మా పెద్దబాపు కొడుకు. నాకు అన్న అయితడు” అన్నాను.

యాస దానంతట అదే వచ్చింది. మేనేజర్ కోపంగా ఏమీ అనలేదు. రమ్మనండి, మళ్ళీ పెట్టుకుందాం అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం పొద్దున పాల్మాకుల పోయాను. అన్న ఇంటి ముందు ఒక ఫ్రీజర్ వ్యాను నిలబడి ఉంది. తలుపు తెరిచే ఉంది. గడప బయట నిలబడి పిలిచాను.

“అన్నా! ఎవలున్నరు లోపట?”

“ఎవలూ?”

“నేను. తమ్మిని.”

“రండి సార్. దర్వాజ తీసే ఉంది” అన్నాడు.

వదిన చాయ్ ఇచ్చి, నా ముఖం చూసి వెనకింట్లోకి పోయింది. బయటి వ్యాను ఎవరిదని అడిగాను. కిరాయికి నడుపుతున్నానన్నాడు. కార్గో గేటు దగ్గర శవపెట్టెలు ఎక్కించుకుని కరీంనగర్, నిజామాబాద్ వైపు ఊళ్ళకు చేరుస్తాడు. ఆ రోజు గేటు దగ్గరికి వచ్చిన వ్యాను డ్రైవర్ నంబర్ తీసుకుని, పని పోయాక అతనితో చేరాడు.

చెప్పడానికి వచ్చిందంతా చెప్పాను. ఫైలు తీసింది నా ప్రోగ్రామే అని, ఆ సాయంత్రానికే నాకు తెలుసని. ఆయనకూ ఎప్పుడో తెలిసే ఉంటుందని, క్షమించో క్షమించకో ఊరుకున్నాడని నేననుకుంటూ వచ్చాను. నాకు అనువుగా ఉండే ఊహ అది.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“మీ ప్రోగ్రామా?”

“అవునన్నా.”

“నేను గాదా?”

“నువ్వు కాదు. నువ్వు ముట్టుకోలేదు కదా, నువ్వే చెప్పినవు.”

“చెప్పిన. కానీ నాకు నమ్మకం లేకుండె. ఏదో నొక్కబోయి ఏదో నొక్కిన్నేమో అనుకున్న. ఇంత చదివినోళ్ళు ప్రోగ్రాం తియ్యదంటుంటే మరి నేను గాక ఎవలు?” నేల వైపు చూస్తూ మాట్లాడాడు. “ఆ పెద్దమనిషి ఎండల నిలవడె సార్. తమ్ముని పెట్టె గోడకవతల్నే ఉండె. నా చేతుల్నే అయిందనుకున్న. పెట్టె బయటికొచ్చినంక ఆయన కాళ్ళు మొక్కిన, నా వల్లనే ఆలస్యమైంది, మాఫ్ చెయ్యిమని. గందుకే ఈ బండి పని వట్టిన. ఒక్కల్ని గూడ గట్ల నిలవెట్టొద్దని.”

ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరా నేను పోగొట్టింది ఆయన కొలువు ఒక్కటే అనుకున్నాను.

కొలువులోకి మళ్ళీ రమ్మన్నారని చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. “ఇగ వద్దు సార్. గీ పనిల నేను పోతే ఎవలో ఒకలు ఎదురుచూస్తుంటరు.”

“మరి ఆ పేజీ ఎందుకు చింపినవన్నా? నువ్వు మూడుసార్లు ఫోన్ చేసినట్టు అందులో ఉండేది కదా. అది చూపిస్తే తప్పు నీ మీదికి రాకపోయేది.”

లేచి బట్టల పెట్టె తెరిచి, మడతపెట్టిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. గుండ్రటి రాత. పన్నెండు ముప్పై, కౌంటర్ ఫోన్ వచ్చింది. దీపం ఉంది, దర్వాజ లేదు. పన్నెండు నలభై, సార్‌కు ఫోన్ చేసిన, కట్ అయింది. పన్నెండు యాభై, సార్‌కు చేసిన, ఎత్తలే. దాని కింద, తొందరతో వంకరపోయిన అక్షరాల్లో, ఒకటి పది, తమ్మికి చేసిన. తమ్మి కట్ చేసిండు.

“పరేషాన్‌ల గట్ల రాసిన. బుక్కు తెమ్మన్నంక చూసుకున్న. మీరు చెప్పుకోవద్దన్నరు గదా సార్, మనం ఒక్కింటోళ్ళమని. గందుకే చింపిన.”

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. మధ్యాహ్నం విమానంలో ఒక పెట్టె వస్తోంది, సిద్దిపేట వైపు. చొక్కా వేసుకుని, వదినకు చెప్పి, వ్యాను తాళాలు తీసుకున్నాడు. వెంట వ్యాను దాకా నడిచాను. ఆ పెద్దమనిషి నంబరుంటే నేను ఫోన్ చేసి చెప్తానన్నాను, తప్పు నాదని. కొంచెం ఆలోచించి, “నేనే చెప్త సార్. నన్నే నమ్మిండు ఆయన” అన్నాడు.

వ్యాను ఎక్కి, తలుపు వేసుకునే ముందు ఆగాడు. ఏదో అనబోతున్నాడని ఒక అడుగు ముందుకేశాను.

“పోయొస్త సార్. మీరు తిని పోండి.”

ఆ తర్వాత ఎన్నోసార్లు కలిశాము. అన్నా అని నేను పిలుస్తూనే ఉన్నాను, పలుకుతూనే ఉన్నాడు. ఆయన నన్ను తమ్మి అన్నది మాత్రం ఆ కాగితం మీదే చివరిసారి.